బుడంకాయ కబుర్లకు నెల గడువు

జూన్ 12, బుధవారం

స్కూళ్లు తెరిచారు. అమ్మాయికి కొత్త స్కూలు, ఎనిమిదో తరగతి. ఉదయం బాగానే వెళ్లింది. సాయంత్రం వచ్చి బ్యాగు సోఫాలోకి విసిరి, గదిలోకి పోయి తలుపేసుకుంది. ఏమైందే అంటే ఏం లేదంది. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే ఏం లేదంది. నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన స్క్రూ ఊడదీయడం దీని నోట మాట రాబట్టడం కన్నా తేలిక. స్క్రూకైతే ఒక చుక్క నూనె చాలు.

ఒకప్పుడు ఇదే పిల్ల చెప్పులు విప్పకుండానే కబుర్లు మొదలుపెట్టేది. ఎవరి రబ్బరు ఎవరు కొట్టేశారు, ఏ టీచరుకి జలుబు చేసింది, అన్నీ. రెండేళ్లుగా ఒక్క ముక్క చెప్పడం లేదు. వయసు అలాంటిది అంటారు అందరూ. కావచ్చు. నాకు మాత్రం ఇంట్లో రేడియో ఆగిపోయినట్టుంది.

జూన్ 14, శుక్రవారం

విషయం తెలిసింది. అదీ నాకు చెప్పలేదు, వాళ్ల నాన్నకి చెప్పింది.

అది పుట్టినప్పటి నుంచి నాకో పేజీ ఉంది, 'బుడంకాయ కబుర్లు' అని. బుడంకాయ అంటే ఇదే. ఫొటో పెట్టి కింద నాలుగు ముక్కలు సరదాగా రాస్తాను. చుట్టాలతో మొదలై ఊరూ పేరూ తెలియనివాళ్ల దాకా చదువుతారు. అందులో దాని మూడేళ్లప్పటి ఫొటో ఒకటి: తల నిండా సబ్బు నురుగు, కొండనాలుక కనిపించేలా ఏడుపు. ఎవరో దాన్ని కత్తిరించి, 'సోమవారమా? నాకొద్దు!' అని రాసి స్టిక్కర్ చేశారు. అది ఎక్కడెక్కడికో పోయింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే ఉండేది. మా షాపు గ్రూపులో నేనే వాడాను.

ఇప్పుడు క్లాసులో ఒక పిల్ల తల్లి నా పేజీ చదువుతుందట. ఆవిడ ద్వారా ఆ పిల్లకి తెలిసింది. మధ్యాహ్నానికి క్లాసంతా మా అమ్మాయిని సోమవారం అని పిలవడం మొదలుపెట్టారు.

మరి నాకు చెప్పలేదేం అని ఆయన్ని అడిగాను. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. పైకీ కిందికీ తప్ప పక్కకి తిరగని మనిషి. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, చెప్తే రేపటికి పోస్టవుతుంది అందట.



జూన్ 15, శనివారం

పేజీ మొత్తం తీసెయ్యమంది. సూటిగా, కళ్లలోకి చూసి.

నేను ఊరుకోలేదు. పదమూడేళ్ల కష్టమే అన్నాను. నువ్వు ఒకటో తరగతిలో చేరిన ఏడు నా ఫోను నీళ్ల బకెట్‌లో పడిపోయింది, నీ చిన్నతనమంతా ఇప్పుడు అక్కడే ఉంది, ఇంకెక్కడా లేదు అన్నాను. ఆ రోజు నేనేమీ బాధపడలేదు కూడా. నెట్‌లో ఉన్నది ఎక్కడికి పోతుంది, శాసనంలా పడి ఉంటుంది అనుకున్నాను. అదే మాట ఇవాళ దానితోనూ అన్నాను.

అదే కదమ్మా నా బాధ అంది.

జూన్ 16, ఆదివారం

తమ్ముణ్ణి పిలిచాను. వాడు షాపులకి కెమెరాలు బిగిస్తాడు. తీసేసే ముందు మొత్తం కాపీ చేసి పెట్టరా అన్నాను. కుర్చీలో కూర్చుని పేజీ కిందికి జరుపుతూ పోయాడు. పోయిన కొద్దీ వాడి మొహం మారింది.

మొదటి ఏడాది ఫొటోలు లేవు. అప్పట్లో వేరే యాప్‌లో పెట్టి ఇక్కడికి లింకు ఇచ్చేదాన్ని. ఆ యాప్ మూతపడింది. ఫొటోలు ఉండాల్సిన చోట బూడిద రంగు డబ్బాలు. వాటి కింద నా జోకులు మాత్రం చెక్కుచెదరలేదు. తర్వాతి వీడియోల్లో బొమ్మ ఉంది, మాట లేదు. ప్రతిదానికీ వెనక ఓ సినిమా పాట పెట్టేదాన్ని కదా, హక్కులు లేవని పేజీ కంపెనీవాళ్లు సౌండు తీసేశారు. పాటతో పాటు పిల్ల గొంతూ పోయింది. నోరు కదులుతుంది, నవ్వుతుంది, ఏం చెబుతుందో తెలియదు.

తమ్ముడికి ఇందులో వింతేమీ కనిపించలేదు. మా కెమెరాల్లో అయితే పదిహేను రోజులకే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది అక్కా, నీకు ఇన్నేళ్లు దొరికింది, సంతోషించు అన్నాడు. వాడి ఓదార్పులు ఎప్పుడూ ఇంతే.

దాచుకున్నాననుకుని చెదలకి పెట్టాను.

పాట పెట్టని వీడియో ఒక్కటే దొరికింది. అప్పుడు పిల్లకి నాలుగేళ్లు. వాళ్ల నాన్న టూల్ బాక్సు మీద కూర్చుని, లిఫ్టులో ఒక బుల్లి మనిషి ఉండి తాడు లాగుతాడని ఆయనకే పాఠం చెబుతోంది. తర్వాత గొంతు తగ్గించి, నాన్నా, అమ్మ కప్పు నేనే పగలగొట్టా, బీరువా వెనకాల పెట్టా, అమ్మకి చెప్పకు అంటుంది. ఆ తర్వాత ఇంకో మాట గుసగుసగా. నేను తలుపు వెనక నిలబడి తీశాను. ఆ చిట్టి గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. నాలుగుసార్లు పెట్టించుకుని విన్నాను.

జూన్ 18, మంగళవారం

మాస్టారు కొత్త కళ్లద్దాల కోసం వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, మాకు పాత కస్టమరు. బైఫోకల్ బిగించాక ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: మీ ఫోను తీసి ఏదో ఒకటి చదవండి. అట్ట మీది అక్షరాల కన్నా మనిషి రోజూ చూసేదే సరైన పరీక్ష. ఆయన ఫోను తీశారు, గ్రూపు తెరిచారు. నా కూతురు ఏడుస్తోంది.

ఈ పాప చాలా ఏళ్లుగా తెలుసమ్మా, ప్రతి సోమవారం పొద్దున్నే నేనే అందరికీ పంపిస్తా అన్నారు, మురిసిపోతూ. మా అమ్మాయేనండీ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి పట్టుకున్నారు. అయితే ఈ పాప నిజంగా ఉన్న పిల్లా అని అడిగారు. అవునండీ, ఎనిమిదో తరగతి అన్నాను. ఇంక పంపనమ్మా, మా వాళ్లక్కూడా చెప్తా అన్నారు. పెద్దమనిషి, నొచ్చుకున్నారు.

జూన్ 20, గురువారం

గోటితో పోయేదానికి గొడ్డలి అయింది. మాస్టారు గ్రూపులో పెద్ద ప్రకటన పెట్టారట: ఈ పాప మన కళ్లద్దాల షాపు ఆవిడ కూతురు, దయచేసి ఎవరూ వాడొద్దు అని. ఇప్పటిదాకా తెలియనివాళ్లకి కూడా తెలిసింది. ఇవాళ ఇద్దరు షాపుకొచ్చి, పాప ఇప్పుడు ఎలా ఉందండీ అని అడిగారు. ఒకాయన ఫ్రేము కూడా కొనలేదు.

స్టిక్కర్ తీసెయ్యమని కంపెనీకి రిపోర్టు కొట్టాను. మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదు అని జవాబు. దాని గొంతు తీసెయ్యడానికి నిబంధనలు ఉన్నాయి. దాని ఏడుపు తీసెయ్యడానికి లేవు.

జూన్ 22, శనివారం

అమ్మాయి పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివింది. మధ్యాహ్నమంతా. నేను వంటింట్లో ఉన్నట్టు నటిస్తూ తొంగి చూస్తున్నాను. ఎక్కడైనా నవ్వుతుందేమోనని. నవ్వలేదు.

చివరికి వచ్చి గడప దగ్గర నిలబడింది. కోపంగా కూడా లేదు. ఫొటోలు పర్వాలేదమ్మా, నువ్వు రాసినవే బాలేవు అంది. నీ రాతల్లో నేనెప్పుడూ పడిపోతూనో ఏడుస్తూనో తడుపుకుంటూనో ఉంటాను, ఆఖరి మాట మాత్రం ఎప్పుడూ నీదే అంది.

జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఓ మంచి మాట తట్టింది కూడా. అది ఆఖరి మాటే అవుతుందని మూసుకున్నాను.

జూన్ 23, ఆదివారం

ఒప్పందం. కాపీ ఉంచుకోవచ్చు, కానీ ఏవి ఉంచాలో అది చెబుతుంది. ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. వద్దు, వద్దు, ఇది ఉంచు, వద్దు. వధువు ఫొటోలు చూసే పెళ్లికొడుకు తల్లి కూడా ఇంత కఠినంగా ఉండదు. గుప్పెడు మిగిలాయి. వర్షంలో గొడుగు పట్టుకున్నది. పళ్లూడిన నవ్వు. నా భుజం మీద నిద్రపోతున్నది. ఇది ఎందుకు అని అడిగితే, ఇందులో నువ్వు కూడా బావున్నావు అంది.

టూల్ బాక్సు వీడియో దగ్గర ఆగింది. వద్దంది.

బతిమాలాను. సిగ్గు విడిచి బతిమాలాను. ఎవరికీ చూపించనన్నాను, నీ గొంతున్నది ఇదొక్కటేనే అన్నాను. అది వీడియో కింద నా రాత మీద వేలు పెట్టి చూపించింది. 'అమ్మకి తెలిసిపోయింది, లోకానికి కూడా!' అమ్మకి చెప్పకు అని నాన్నని అడిగాను, నువ్వు అందరికీ చెప్పావు, అది నాది అంది.

సాయంత్రం అది వద్దన్నవన్నీ కాపీలోంచి చెరిపేసి, తమ్ముడు చెప్పినట్టు అకౌంటు డిలీట్ నొక్కాను. పేజీ ఆ క్షణం నుంచే ఎవరికీ కనిపించదట. కానీ నిజంగా పోవడానికి ముప్పై రోజులు. ఈలోగా ఒక్కసారి లాగిన్ అయితే చాలు, అన్నీ యథాప్రకారం తిరిగొస్తాయట. మనసు మార్చుకునేవాళ్ల కోసం ఈ సౌకర్యం. ఇది సౌకర్యమా?

జూన్ 24, సోమవారం

లాగిన్ కాలేదు.

జూలై 2, మంగళవారం

ఆయనతో పోట్లాట. ఆ వీడియోలో చివరి గుసగుస గురించి. అమ్మకి చెప్పకు, తిడుతుంది అంది అన్నాను నేను. ఎప్పుడూ నాకలాగే వినపడింది. ఆయన స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటూ, తిడుతుంది అనలేదు, ఏడుస్తుంది అంది అన్నాడు. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది. ఆ కప్పు మీ అమ్మ ఇచ్చిందిగా అన్నాడు.

నీకేం తెలుసు, వీడియో వందసార్లు చూసినదాన్ని నేను అన్నాను. నా చెవిలోనే చెప్పింది కదా అన్నాడు.

జూలై 3, బుధవారం

తిడుతుందా? ఏడుస్తుందా?

ఇవాళ షాపులో ఒకరి ఎడమ లెన్సు కుడివైపు పెట్టి బిగించేశాను.

జూలై 9, మంగళవారం, మధ్యాహ్నం

షాపు ఖాళీ. ఇయర్ ఫోన్లు తెచ్చుకున్నాను. లాగిన్ అవ్వాలి, ఒక్కసారి వినాలి, మళ్లీ డిలీట్ నొక్కాలి. ఎవరికి తెలుస్తుంది? మహా అయితే ఇంకో నెల. పాస్‌వర్డ్ కూడా కొట్టాను. అది బుడంకాయ పుట్టినరోజే.

వేలు బటన్ మీద ఉంది. తలుపు వెనక నిలబడిన నేను గుర్తొచ్చాను. ఆ రోజు కూడా ఎవరికి తెలుస్తుంది అనే అనుకుని ఉంటాను.

ఒక్కో అక్షరం చెరిపేశాను. అందరి కళ్లజోళ్లూ తుడిచేదాన్ని, నా కళ్లు మాత్రం చీర కొంగుతో తుడుచుకున్నాను. ఓనరు గారు చూసి దుమ్మా అన్నారు. దుమ్మే అన్నాను.

జూలై 15, సోమవారం

క్లాసులో ఇప్పుడు సోమవారం అని ఎవరూ అనడం లేదట. ఆయన చెప్పాడు. సైన్సు ల్యాబులో ఎవరో పిల్లవాడు నూగుమీసం కాల్చుకున్నాడు, అందరూ అతని మీద పడ్డారు. పాపం అనుకున్నాను, హాయిగానూ ఉంది. స్టిక్కర్ మాత్రం పోలేదు. మా వీధి మందుల షాపతను స్టేటస్‌గా పెట్టుకున్నాడు. కనిపించినవాళ్లకల్లా తీసెయ్యమని చెప్పాలి. గొంతు పెంచకుండా, పిల్ల పేరు చెప్పకుండా. ఇది నా జీవితకాలపు పని అని అర్థమైంది.

జూలై 22, సోమవారం

రేపటితో గడువు.

ఆయన్ని మళ్లీ అడిగాను. ఏడుస్తుంది అనే అంది, ఒట్టు అన్నాడు. అలాగే ఉండనీ అన్నాను. నమ్మానో లేదో నాకే తెలియదు. కానీ ఆయన జ్ఞాపకంలో నేను మంచిదాన్ని. దాన్ని ఎందుకు పాడుచేసుకోవడం.

జూలై 23, మంగళవారం

లాగిన్ అవ్వడానికి కాదు, పేరు వెతికి చూశాను. ఈ పేజీ లేదు అని వచ్చింది. అంతే. పదమూడేళ్లకి మూడు మాటలు.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను, పోయిందే అని. తెలుసు అంది. ఈ నెల రోజులూ నాన్న ఫోనులో రోజూ చూశా, తిరిగొస్తుందేమోనని అంది. పళ్లెం తీసుకెళ్లి సింకులో పెట్టింది. నాది కూడా తీసుకెళ్లింది.

నెలంతా నన్నొకరు కనిపెట్టి ఉన్నారు. నాకు తెలియనే లేదు.

జూలై 28, ఆదివారం

బట్టలు మడత పెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. దుప్పటి రెండో కొస పట్టుకుంది. మడత పూర్తయ్యేలోగా నాకొక సంగతి చెప్పింది.

అది ఇక్కడ రాయను.