పదకొండు జేబులు, ఒక పైకప్పు

డెబ్బై నాలుగేళ్ల దర్జీనైన నేను, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించుకొంటున్న వీలునామా ఇది. నా తెలివి మీద మా తమ్ముడికి అనుమానాలున్నాయి కనుక డాక్టరు చీటీ జతపరిచాను. అడగకపోయినా రక్తపోటు బాగుందని కూడా రాశాడాయన.

మార్చిలో కొండచరియ విరిగిపడి బౌద్ధ భిక్షుణుల ఆరామం నేలమట్టమైంది. పదకొండు మందీ ప్రాణాలతో బయటపడి, నా దుకాణం మీద నేనుండే పై గదిలో కత్తిరింపు బల్లల మధ్య పడుకొంటున్నారు. చందాలతో గోడలు లేచాయి. పైకప్పు దగ్గర పని ఆగిపోయింది. వానలు మూడు వారాల్లో వచ్చేస్తాయి.

1. నా దుకాణమూ పై గదీ నా తదనంతరం ఆ పైకప్పుకు చెందాలని మొదట రాయించాను. వీలునామా నేను పోయాకే చెల్లుతుందని ప్లీడరుగారు అప్పుడు చెప్పారు. మూడు వారాల్లో పోయే సూచనలేవీ నాలో కనబడటం లేదు. కావున ఈ క్లాజు కొట్టివేయడమైనది. నిన్ననే రెండూ పక్క మందుల షాపాయనకు అమ్మేసి సొమ్ము మేస్త్రీకి ఇప్పించాను. కప్పు పడేదాకా భిక్షుణులను కదిలించనని షాపాయన రాసిచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతుంటే నాకు నవ్వు ఆగలేదు. జనం చూశారు, చూడనీ.

2. మా తమ్ముడికి: నా దుకాణం తలుపు గంట. చందాకు వెళితే తలుపు వెనక నుంచి ఇంట్లో లేనని తనే చెప్పిన మనిషి. ఇకమీదట కనీసం గొంతు మార్చి చెప్పవలెను.

3. పెద్ద భిక్షుణిగారికి: నా సూదుల డబ్బీ. చందాగా వచ్చిన గుడ్డలు కత్తిరించి, రంగు అద్ది, పదకొండు మందికీ చీవరాలు, అంటే వాళ్లు కట్టుకొనే వస్త్రాలు, కుట్టాను. ముక్కలు కలిపి కుట్టడమే వాళ్ల పద్ధతని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. అరవై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా, ఒక్కో చీవరానికీ లోపల ఒక్కో జేబు పెట్టేశాను. ఆస్తే ఉంచుకోనివాళ్లకు జేబు. పెద్దావిడ అందులో చెయ్యి పెట్టి చూసి, నవ్వీ నవ్వీ బల్ల పట్టుకొని కూలబడ్డారు. విప్పేస్తానంటే ఒప్పుకోలేదు. సూదీ దారమూ ఉంచుకోవచ్చు తల్లీ, వాటికి చోటు దొరికిందన్నారు. అందుకే ఈ డబ్బీ.

4. మా ఆయన చెల్లెలికి, ఊరంతా మైకు అని పిలిచే నా ఆడపడుచుకు: ముందుగా ఒక నిజం. యాభై రెండేళ్ల కిందట ఆవిడ పెళ్లి జాకెట్టు ఎడమ చెయ్యి బిగుతుగా కుట్టాను. పెళ్లంతా ఆవిడ చెయ్యి పైకెత్తలేకపోయింది. కావాలనే కుట్టావంది. ఇన్నేళ్లూ కాదన్నాను. కావాలనే కుట్టాను. నా వంట బాగాలేదని పదిమందిలో అన్నందుకు. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను వదినా అని పిలవలేదు. ఈ రెండు నెలలూ చందాలకు నాతో వీధి వీధీ తిరిగింది, ఆ గొంతుకు తలుపు తీయని ఇల్లు లేదు, అయినా ఆవిడ పిలుపులో నేను టైలరునే. మొన్న ఆ జాకెట్టు అడిగి తెచ్చి కుట్టు విప్పి వదులు చేశాను. చెయ్యి ఇప్పుడు సన్నబడింది. చాలా ఆలస్యం చేశాను, నన్ను క్షమించాలి.

5. మిగిలిన నా సమస్త ఆస్తి, అనగా కుట్టు మిషను, రెండు ట్రంకు పెట్టెలు, నేను, మొత్తం మైకుకే చెందవలెను. ఈ క్లాజు సోమవారం నుంచే, నేను బతికుండగానే అమలు కావాలని నా కోరిక. ఇష్టం లేకపోతే ఆవిడ నిరాకరించవచ్చు.

అనుబంధం: ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని మైకును వీధిలో నిలబెట్టి, ప్లీడరుగారు 4, 5 క్లాజులు పై గది కిటికీలోంచి చదివి వినిపించారు. చదవడం పూర్తవగానే, సోమవారం దాకా ఎందుకు వదినా, ఆటో పిలిచాను, దిగిరా అన్న కేక వీధి చివరిదాకా వినబడింది. దిగే తొందరలో సంతకం వంకరపోయింది. అది నాదే.

తేదీ: మే ఇరవై ఎనిమిది, మంగళవారం
సంతకం: వదిన

సాక్షులు (సంతకానికీ, ఆ పిలుపుకూ):
1. పైకప్పు మేస్త్రీ
2. మందుల షాపాయన