పది రాసి పదహారంది

ఏవండీ,

ఏలూరులో కంప్యూటర్లు చదువుతున్న మన అమ్మాయి నిన్న ఒకటి, పక్కన సున్నా వేసి పదహారంది. నాకు తెలియదని ఆటపట్టిస్తోందేమోనని నిలదీశాను.

"ఒట్టమ్మా. ఈ కంప్యూటరు లెక్కలో పదహారు నిండితేనే పక్కగడిలో ఒకటేస్తాం. సున్నా అంటే విడిగా ఏమీ మిగల్లేదని."

నమ్మలేదు.

మీరు పోయాక ఇవాళే మొదటిసారి పడవ కడిగాను. అడుగున మీ గులకరాళ్లు దొరికాయి. చేపలు లెక్కపెడుతూ మీరు నాలుగింటిని పుంజీ అనేవారు, నాలుగు పుంజీలకు ఒక రాయి పక్కన పెట్టేవారు. ఒక రాయి ఉండి విడి చేప లేకపోతే పదహారే కదండీ.

ఇప్పుడు నా అనుమానం అమ్మాయి మీద కాదు. ఆ కంప్యూటరువాళ్లెవరో మన చెరువుగట్టు మీద నిలబడి మీ లెక్క చూసిపోయారు. రాళ్లు దాచేశాను. ఆ వచ్చిందెవరో మీరుంటే చెప్పేవారు.