కుదురుగా కూర్చున్న పిల్ల

చిరంజీవి దుర్గాశ్రీకి అక్క దీవెనలు. మీ బావగారి జలుబు తప్ప ఇక్కడ అందరం క్షేమం. రాజమండ్రిలో నువ్వూ, నువ్వు రోజూ తిట్టుకునే నీ హాస్టల్ సాంబారూ క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో అయితే రెండో మాటకే నన్ను ఓదార్చడం మొదలుపెడతావు. ఇది చివరిదాకా నోరు మూసుకుని వినాల్సిన సంగతి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. టీచింగ్ ప్రాక్టీసుకి ఉప్పాడ పట్టుచీర పంపమన్నావు. పంపను. అది కట్టుకుని పాఠం చెబితే పిల్లలు బోర్డు మానేసి అంచు చూస్తారు. మొన్న ఆదివారం కడియం వెళ్ళి నాన్నని చూసొచ్చాను. మోకాలి నొప్పి అలాగే ఉంది. మందు వేసుకోమంటే, మొక్కలకి కొట్టే మందయితే వేసుకుంటానంటారు. నర్సరీలో లారీకి మొక్కలెక్కిస్తూ నాతో సరిగ్గా మాట్లాడనేలేదు.

ఇక మూడో ప్రశ్న. సైకాలజీ పేపర్లో చదివింది నిజంగా క్లాసులో పనిచేస్తుందా, లక్ష్మీదుర్గ సంగతి కేస్ స్టడీగా నా రికార్డులో రాసుకుంటాను, వివరాలు పంపక్కా అని రాశావు. పనిచేస్తుందే. నా ఏడుపంతా అదే.

నీకు గొప్పగా చెప్పాను కదా, ఎనిమిదో తరగతిలో ఈ లక్ష్మీదుర్గ పాఠం మధ్యలో ఊరికే లేచి కిటికీ దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తుంటుందని. అప్పుడే ట్రైనింగ్ నుంచి వచ్చిన వేడి మీదున్నాను. నలుగురి దృష్టీ తనమీద పడాలని ఇలా చేస్తోందని తేల్చేశాను. గోడ వైపు బెంచీకి మార్చాను. కదలకుండా కూర్చుంటే చార్టులో స్టారు. ఒక్కరు లేచినా బెంచీ మొత్తానికి స్టారు పోతుంది. లేస్తానని అడిగితే నేను పలకకూడదు, తిట్టకూడదు కూడా, ఎందుకంటే తిట్టినా అది పట్టించుకున్నట్టే. పునర్బలనం, అదే రీఇన్‌ఫోర్స్‌మెంట్ మీద మీ మేడం చెప్పిందంతా తు.చ. తప్పకుండా చేశాను. పక్కపిల్లలే దాని గౌను పట్టుకుని కూర్చోబెట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి లక్ష్మీదుర్గ కుదిరిపోయింది. హెడ్మాస్టరుగారు మిగతా టీచర్లని పిలిచి మరీ నా క్లాసు చూపించారు.

ఎందుకు లేస్తున్నావమ్మా అని మాత్రం నేను అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

మనం కడియం వాళ్ళం. మనకి నీళ్ళంటే కాలవ, అది గట్టు దాటి ఇంట్లోకి రాదు. ఇక్కడ ఉప్పాడలో ఒడ్డున ఉన్న ఇళ్ళని సముద్రం ప్రతి పోటుకీ కొంచెం కొంచెం కొరుక్కు తింటుంది. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు చేపల తట్టతో ఊళ్ళ మీద పడతారు. అందుకని పోటు రోజుల్లో ఇంటికి కాపలా బడిలో ఉన్న పిల్లదే. నీళ్ళు గోడని తాకితే ఒడ్డున ఉన్నవాళ్ళెవరో ఒకరు ఆ ఇంటిముందు పడవ గెడకి ఎర్రగుడ్డ కట్టి ఎత్తుతారు. మా మేడ మీది క్లాసు కిటికీలోంచి అది కనిపిస్తుంది. ఆ ఇంటి పిల్ల చూసి, పరుగెత్తి మనుషుల్ని పిలుచుకుపోవాలి. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. మేడంగారికి, అంటే నాకు, తెలియదని వాళ్ళకి తెలియదు.

కార్తీక అమావాస్య నాడు పల్లంరాజు అనే ముసలాయన లక్ష్మీదుర్గ ఇంటిముందు గెడ ఎత్తాడు. ఇంట్లో దాని నాయనమ్మ అచ్చాయమ్మ ఒక్కతే ఉంది. పక్షవాతం వచ్చి మంచంలోనే ఉంటోంది. కిటికీ పక్కన నేను కూర్చోబెట్టింది బజారువీధి పిల్లల్ని. వాళ్ళకి ఒడ్డు మీద ఇళ్ళు లేవు, వాళ్ళు బోర్డే చూస్తున్నారు. ఎవరూ రాకపోయేసరికి పల్లంరాజు తనొక్కడే ఆవిణ్ణి లేవదీయబోయాడు, చేతకాలేదు. మనుషుల కోసం పరుగెత్తి వెళ్ళొచ్చేలోపు గోడ మంచం మీద పడిపోయింది. అచ్చాయమ్మ కాకినాడ ఆసుపత్రిలో పోయింది, ఇల్లు సముద్రంలో పోయింది.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను, మీ బావగారికి కూడా తెలియదు. ఆ గంటలో నేను బోర్డు మీద రాసుకుంటున్నాను, పిల్లని గమనించలేదు అని హెడ్మాస్టరుగారితో చెప్పాను. పిల్ల తల్లితోనూ అదే చెప్పాను. అబద్ధం. పోటు హోరు విని లక్ష్మీదుర్గ చెయ్యెత్తింది. నేను చూశాను. చూసి, పుస్తకంలో ఉన్నట్టే, బోర్డు వైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి చెయ్యి దించేసి ఉంది. నా పద్ధతి పండిందని లోపల సంతోషపడ్డాను కూడా.

చార్టు చింపేశాను. పిల్ల మళ్ళీ బడికొచ్చినప్పుడు కిటికీ పక్కనే కూర్చోబెట్టాను. లేచి చూడమ్మా, నేనేమీ అనను అన్నాను. లేవలేదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, రాయమంటే రాస్తుంది, కిటికీ వైపు తల కూడా తిప్పదు. కొన్నాళ్ళకి రావడం మానేసింది.

నిన్న దాని తల్లి రామలక్ష్మి బడికొచ్చింది. నా జుట్టు పట్టుకుంటుందేమో అనుకున్నాను. పట్టుకుంటే బాగుండేది. ఎండుచేపల పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, రొయ్యలు ఒలిచే షెడ్డు వెనకాల గదిచ్చారని, పిల్లని కూడా ఒలుపుడులో పెట్టానని చెప్పింది. పదో తరగతి అయ్యేదాకా ఆగమని బతిమాలాను. "ఇల్లే లేదు కదండీ, ఏ ఇంట్లోంచి బడికొత్తాదండీ?" అంది. చిన్నపిల్లని పనిలో పెట్టుకున్నారని పైవాళ్ళకి ఫిర్యాదు చేద్దామంటే ఆ ఉన్న గది కూడా పోతుంది. నాకు దారేమీ కనిపించడం లేదే దుర్గా.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మా పిల్లకి మీరే బుద్ధి నేర్పేరండి. కూకోబెట్టిన సోటు నుంచి కదల్దంట, తలెత్తి సూడదంట. పెద్దాళ్ళు కూడా దానిలా సెయ్యలేరని షెడ్డు మేస్త్రీగారు మెచ్చుకున్నారండి. అంతా మీ సలవేనండి."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. మంచిదమ్మా అన్నాను.

ఇట్లు,
నీ రికార్డుకి పనికిరాని అక్క,
సుప్రియ