నీ టోకెను మీద నేను చేసిన పని

సూరి బావా,

కారణం చెప్పకుండానే పోయావని ఇన్నేళ్ళూ నీమీద కోపంగానే ఉన్నాను. గోనెమిల్లు నిన్ను గేటు బయట నిలబెట్టింది. చుట్టుపక్కల ఏ మిల్లూ తీసుకోలేదు. మట్టిపనికి పోయావు. ఎందుకని అడిగితే "ఒగ్గీరా, నీకెందుకు" అన్నావు. "నోరు మూసుకుని పన్జేసుకోనేకపోనావు" అని అక్క దెప్పితే తలొంచుకుని విన్నావు.

మొన్న, మూతబడిన మిల్లు ఆఫీసు ఖాళీ చేస్తుంటే పాత బ్లాక్‌లిస్టు దొరికింది. నా మనవరాలు చదివింది. "టోకెను డెబ్బైరెండు. మగ్గాలు ఆపించాడు. ఏ మిల్లులోనూ పనివ్వకూడదు."

టోకెను నీదే. కానీ ఆ రోజు నువ్వు జ్వరంతో పడుకున్నావు. ఆ టోకెను పట్టుకుని నీ బదులు పనికి వెళ్ళింది నేను. ఒకడి వేళ్ళు మగ్గంలో నలిగితే అన్నీ ఆపించాను. మళ్ళీ అయినా ఆపిస్తాను. వాళ్ళు నంబరు రాసుకున్నారు, మనిషిని చూడలేదు. గేటు దగ్గర కారణం నీకు చెప్పే ఉంటారు. నువ్వు మాత్రం నా పేరు చెప్పలేదు.

అక్క ఇప్పటికీ తప్పు నీదే అనుకుంటోంది. ఆమెకు చెప్పమంటావా, వద్దంటావా? బేస్తవారం నీ తద్దినం. పిండం పెట్టేలోగా వద్దని చెప్పు. చెప్పకపోతే అందరి ముందూ నేనే చెప్పేస్తాను.

నీ బావమరిది,
రాములు