మిరప నారు గోడలపై నా ఫోన్ నంబరు

మండల అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,
పత్తి మిల్లులో కాటా గుమాస్తా చింతా త్రినాథరావు, బి.ఏ., వ్రాసుకొను అర్జీ.

విషయం: మండలములోని గ్రామాల గోడలపై పొరపాటున వ్రాయబడిన నా మొబైల్ నంబరును చెరిపించుట, తదుపరి వచ్చుచున్న ఫోన్లను ఆపించుట గురించి.

అయ్యా,

1. నేను పగలు మిల్లులో పనిచేయుచు, రాత్రి బడిలో చదివి, నలభయ్యవ ఏట పట్టా పొందినవాడను. ఇంతవరకు ఏ కార్యాలయమునకును అర్జీ పెట్టి ఎరుగను.

2. వినుకొండ రోడ్డులో మిరప నారు అమ్ము పానకాలు అను వ్యక్తి ఈ తొలకరికి ఊరూరా గోడలపై ప్రకటన వ్రాయించెను. పెయింటరు చివరి రెండంకెలు తారుమారు చేయగా అది నా నంబరైనది. నాటినుండి "ఏరా, నారు ఎప్పుడు దింపుతావ్?" అని ఒకరు, "నీ నారు నాటితే ఆకంతా ముడుచుకుపోయింది, నీ చేతులు పడిపోను" అని ఒకరు. నేను నర్సరీవాడను కాను, పట్టభద్రుడనని చెప్పగా, ఒక రైతు "చదువుకున్నావుగా, అయితే ముడతకి మందు చెప్పు" అనెను.

3. ఫోను ఆపివేయవచ్చును గదా అని తమరు అడుగవచ్చును. నా భార్య మల్లేశ్వరికి రెండు మూత్రపిండములును చెడినవి. గుంటూరులో డయాలసిస్ జరుగుచున్నది. చనిపోయిన దాత కిడ్నీ కొరకు ఆమె పేరు జాబితాలో ఉన్నది. ఆ పిలుపు ఏ వేళనైనా, ఏ నంబరు నుండైనా రావచ్చును. ఎత్తనిచో తరువాతి పేరుకు పోవును. ఆ జాబితాలో నా నంబరు మార్పుకు దరఖాస్తు పెట్టితిని. అది పైకి పోయి వచ్చువరకు పాత నంబరుకే చేయుదురట. కావున మోగిన ప్రతిసారి ఎత్తవలెను. ఎత్తినప్పుడెల్ల ఆమె నా ముఖము వంక చూచును. నారు కొరకని తెలిసి గోడవైపు తిరుగును. అయ్యా, ఆ చూపును నేను ఎంతకాలమని భరింతును?

4. పానకాలును అడుగగా, "సీజను అయ్యాక చెరిపిస్తాలేండి గుమాస్తా గారూ. ఈలోగా ఫోన్ చేసినోళ్లని నాకు పంపండి, మీకూ ఏదో ముట్టజెప్తా" అనెను. అంతట నేనే సున్నపు బకెట్టుతో బయలుదేరితిని. మొదటి గోడ సుబ్బరావమ్మ గారిది.

"ఆగవయ్యా! ఎవరు నువ్వు? మా మనవరాలు ఆ మిరపకాయ బొమ్మ చూస్తేగానీ ముద్ద మింగదు. చెరిపావంటే ఊరుకోను!"

చెప్పబోయి, నిలుచున్న చోటనే ఏడ్చితిని. వీధిలో ఏడ్చుట నాకిదే ప్రథమము. సంగతి విన్న పిమ్మట ఆమె బ్రష్షు నా చేతినుండి లాగికొని, బొమ్మను వదిలి, అంకెలు మాత్రము తానే పూడ్చెను.

5. అసలు మనవి ఇక్కడ మొదలగుచున్నది. సుబ్బరావమ్మ గారు ఊరంతటికి చెప్పిరి. ఆ ఊరినుండి నారు ఫోన్లు నిలిచినవి. అయితే అప్పటికే నంబరు ఉన్నవారందరును ఇప్పుడు "అన్నా, ఆస్పత్రోళ్లు చేశారా?", "వదిన ఏమన్నా తింటోందా?" అని ఉదయము, సాయంత్రము ఫోన్ చేయుచున్నారు. నిన్న సుబ్బరావమ్మ గారే చేసి, "ఏం లేదయ్యా, నీ లైను ఖాళీగా ఉందో లేదోనని చూశా" అనిరి.

వీరిని తిట్టలేను. ఎత్తకుండ ఉండలేను. పైగా ఈ ఫోన్లకు మల్లేశ్వరి గోడవైపు తిరుగుట లేదు. నా చేతినుండి తీసుకొని, "మీ చేలో పూత పడిందా అన్నయ్యా?" అని మాట్లాడుచున్నది. నవ్వుచున్నది. ఆ నవ్వు విని చాలాకాలమైనది. ఆమె నవ్వినంతసేపు లైను ఖాళీ లేదని నేను ప్రక్కన నిలిచి నిమిషములు లెక్కించుచున్నాను.

కావున తమరు మిగిలిన గోడలపై అంకెలు పూడ్పించి, సుబ్బరావమ్మ గారి ఊరిలో పంచాయతీ మైకు ద్వారా నాకెవరును ఫోన్ చేయరాదని చెప్పింపవలెను. మందలింపుగా కాక, మెల్లగా చెప్పింపవలెను. నా ఈ కష్టమును దయతో చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
చింతా త్రినాథరావు, బి.ఏ.

తాజాకలం: అర్జీతో జతపరచిన ఫారములో అర్జీదారుని ఫోన్ నంబరు అన్న గడిని ఖాళీగా వదిలితిని. పొరపాటు కాదు. ఏ సంగతైనా మిల్లుకు ఉత్తరం రాయండి, లేకపోతే మనిషిని పంపండి, పరుగెత్తుకొస్తాను. ఫోన్ మాత్రం చేయకండి సార్. మీరు చేసినా ఆవిడ నా ముఖం వంకే చూస్తుంది.