గ్రీన్‌లాండ్‌కు మైకు ఎందుకు

బన్సీలాల్‌పేట్, మార్చి 3

ప్రభువునందు ప్రియ సహోదరి బ్యూలా గారికి సమాధానం కలుగునుగాక.

వాట్సాప్‌లో వాదనలు వద్దని సంఘం కట్టడి గనుక కాగితం మీద రాస్తున్నాను. ఈ నెలాఖరున మన సంఘం పెట్టుకున్న లోకప్రార్థన దినాన ఏ గుంపు ఏ దేశం కోసం ప్రార్థించాలో చీట్లు తీస్తే మా గుంపుకు డెన్మార్క్ వచ్చింది, మీ మెట్టుగూడ స్త్రీలకు గ్రీన్‌లాండ్. నిన్న మా అల్లుడు ఆషర్ మ్యాపు చూపించాడు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజు కిందిదే. అంటే మీరు మా కిందే. ఒక్క రాజ్యానికి రెండుసార్లు మైకు దేనికి? మీ ఏడుగురూ మా వెనకాల నిలబడి ఆమెన్ చెబితే చాలు.

మీ సహోదరుడు,
షాలేమ్

తా.క.: గట్టిగా చెప్పాలి. మా వైపు స్పీకర్ పాడైంది.

మెట్టుగూడ, మార్చి 6

షాలేమ్ అన్నకు వందనాలు.

ఆరేళ్లుగా మీ వెనకాలే ఆమెన్ చెబుతున్నాం. మొదటిసారి మైకు మా వంతుకొచ్చింది, వదలం. గ్రీన్‌లాండ్‌కు 2009 నుంచి పూర్తి స్వపరిపాలన. సొంత పార్లమెంటు, సొంత జెండా, సొంత భాష. బడులు, ఆస్పత్రులు, చేపలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. సెలోపెహాదు కూతుళ్లు మోషే ముందు నిలబడి తండ్రి ఆస్తిలో వాటా అడిగితే దేవుడు వాళ్లదే న్యాయమన్నాడు. వెనకాల నిలబడమనలేదు.

మీ చెల్లెలు,
బ్యూలా

తా.క.: మా శ్యామలమ్మ ఆ దేశపు రొయ్యల క్షేమం కోసం ఉపవాస ప్రార్థన పట్టి పదకొండు రోజులుగా ఒంటిపూట తింటోంది. "రొయ్యలకు ఏమన్నయితే షాలేమ్ సారే జవాబు చెప్పాలె" అంటోంది.

బన్సీలాల్‌పేట్, మార్చి 9

సహోదరి బ్యూలా గారికి,

మీ మాట సగం ఒప్పుకుంటున్నాను. విదేశీ వ్యవహారాలు, సైన్యం మాత్రం డెన్మార్క్ చేతిలోనే ఉన్నాయి. అబ్రాహాము, లోతు నేల పంచుకున్నట్టు మనం ప్రార్థన పంచుకుందాం. రొయ్యలు, బడులు, జలుబులు మీవి. యుద్ధనౌకలు, దీవిని కొంటామని వచ్చేవాళ్లు మావి. మీరు రొయ్యల దాకా వచ్చి మైకు నాకివ్వండి.

సత్యమందు నిలిచిన,
షాలేమ్

తా.క.: నిన్న మీ కిటికీ పక్కనుంచి పోతుంటే శ్యామలమ్మ "యుద్ధనౌకలను జెర దూరం పెట్టు తండ్రీ" అనడం చెవిన పడింది. అది మా శాఖ. దయచేసి ఆ ప్రార్థన వెనక్కి తీసుకోగలరు.

మెట్టుగూడ, మార్చి 16

షాలేమ్ అన్నా,

శ్యామలమ్మను అడిగాను. "ఆమెన్ అన్నంక వాపస్ ఎట్ల తీసుకుంట" అంది.

చట్టం మళ్లీ చదివాం. విడిపోవాలా వద్దా అన్నది ఆ దీవి జనమే తేల్చుకోవచ్చట. చేతులెత్తించాం, ఏడుకు ఏడు. అయితే డెన్మార్క్ పార్లమెంటు సమ్మతి కూడా కావాలట. అందుకే నిన్న మీరు యాప్రాల్‌లో వాక్యం చెబుతుండగా వెళ్లి మీ గుంపును అడిగాం. మీ ఇంటావిడ దేవకృప వదిన లేచి, "పద్నాలుగు మందిమి ఉన్నం, ఒక్కనాడన్న మాకు మైకు అందిందా?" అంది. సమ్మతి ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు. పద్నాలుగు మందీ చెప్పులేసుకుని మాతోనే మెట్టుగూడ వచ్చేశారు. ఆషర్ కూడా.

డెన్మార్క్‌లో ఇప్పుడు మీరొక్కరే. ఆ మైకు మీదే, ఎంతసేపైనా.

మీ చెల్లెలు,
బ్యూలా

తా.క.: విదేశీ వ్యవహారాలు ఇకనుంచి మావే కదా. మొదటి ప్రార్థనాంశం మీరే. దేవకృప వదిన నడిపిస్తుంది. మూడు పేజీలు రాసుకొచ్చింది.