ద్వారబంధం ఎత్తిన రోజు

1974 ఫిబ్రవరి 28, గురువారం

వన్ టౌన్‌లో మా కొత్త బట్టల షాపుకి ఇవాళ ద్వారబంధం ఎత్తాం. స్థలం వీరరాఘవయ్యగారిది. ఇటుక, ఇనుము, కూలీ అన్నీ నావి. ఆ ఖర్చంతా నెలనెలా అద్దెలో చెల్లు వేసుకోవాలని నోటిమాట ఒప్పందం. సిమెంటు పర్మిట్ మాత్రం, కట్టించేది తనే అన్నట్టు, ఆయన తన పేరు మీదే తెచ్చారు. అప్పుడే నేను మేలుకోవలసింది.

ఆయనకు భార్య లేదు. అందుకని, "పూజకి మీ దంపతులే కూర్చోండి. షాపు మీదేగా!" అన్నారు. నేను ఉబ్బిపోయాను. తీరా పంతులుగారు గోత్రం అడిగితే, నేను నోరు తెరిచేలోగా ఆయన వెనక నుంచి తన గోత్రం, తన పేరు చెప్పేశారు. పంతులుగారు అదే చదివేశారు. నలుగురిలో ఏమంటాను?

సాయంత్రం మా ఆడిటరుగారు వచ్చారు.

"ఈ ఖర్చు అద్దె అడ్వాన్సనే రాస్తున్నానండీ."

"బిల్డింగ్ అని రాయకూడదా?"

"అలా రాస్తే కట్టడం మీ ఆస్తవుతుంది. అడ్వాన్సైతే గోడలు ఆయనవి, మీరు అద్దెకున్నట్టు. అడ్వాన్సనే రాయమని వీరరాఘవయ్యగారు పొద్దున్నే కబురు పెట్టారుగా. మీకు తెలుసనుకున్నాను."

పొద్దున్నే! అంటే మేము పీటల మీద కూర్చోకముందే. అసలు నా ఆడిటరుకి ఆయన కబురేమిటి? ఈయన ఎవరి మనిషి?

మా ఆవిడతో చెబితే నవ్వింది. "గుమ్మానికి పసుపు రాసింది నేను, పుణ్యం ఆయనకా?" అంది.

పుణ్యం పోతే పోనీ. గుమ్మం కూడా పోయేట్టుంది.